చేతికి మెత్తన, అద్దంలో ముడతలు: ఒక సిలికాన్ ఇంప్లాంట్ కేసు

ఈ కేసులో ప్రమాదమేమీ జరగలేదు. ఇన్ఫెక్షన్ రాలేదు, రక్తం గూడుకట్టలేదు, రొమ్ములో పెట్టిన ఇంప్లాంట్ పగలలేదు. ఆమె ఏది అడిగారో దాన్నే నేను ఎంచి అమర్చాను. అయినా ఫలితం ఆమెకు నచ్చలేదు, కొన్నాళ్ళకు నాకూ నచ్చలేదు. "మెత్తగా ఉండాలి" అన్న మాటను ఆమె ఒక అర్థంలో వాడితే నేను మరో అర్థంలో విన్నాను. ఆ తేడా సరిదిద్దడానికి మరో రెండు శస్త్రచికిత్సలు పట్టాయి. రోగిని గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు వదిలేశాను, కొన్నింటిని మార్చాను. కొలతల్లో నిర్ణయానికి ముఖ్యమైనవాటిని మాత్రం అలాగే ఉంచాను.

నేపథ్యం

ఆమె వయసు ముప్పై దాటి నాలుగైదేళ్ళు. ఇద్దరు పిల్లలకు పాలిచ్చారు. రెండో బిడ్డ పాలు మానేశాక రొమ్ములోని గ్రంథి కుంచించుకుపోయింది, సాగిన చర్మం మాత్రం సాగినట్టే మిగిలింది. సన్నని శరీరం, పొగతాగే అలవాటు లేదు, వారానికి నాలుగు రోజులు బరువులతో వ్యాయామం చేస్తారు. కుటుంబంలో రొమ్ము క్యాన్సర్ లేదు, అల్ట్రాసౌండ్‌లో తేడా ఏమీ కనబడలేదు. ఇక పిల్లలు వద్దనుకున్నారు కాబట్టి మళ్ళీ గర్భంతో రొమ్ము ఆకారం మారుతుందన్న చింత కూడా లేదు.

రొమ్ము బేస్ (ఛాతీకి ఆనుకున్న భాగం) వెడల్పు రెండువైపులా దాదాపు 12 సెం.మీ. ఉంది. చర్మాన్ని ముందుకు లాగితే 3.5 సెం.మీ. వరకు వచ్చింది, చర్మం బాగా వదులయిందనడానికి అది గుర్తు. చర్మాన్ని సాగదీసి కొలిస్తే చనుమొన నుంచి రొమ్ము కింది మడతకు 8.5 సెం.మీ. దూరం ఉంది. చనుమొన ఇంకా మడతకు పైనే ఉన్నందువల్ల రొమ్మును పైకెత్తి కుట్టే శస్త్రచికిత్స అవసరం లేదనుకున్నాను. పైభాగంలో చర్మాన్నీ దాని కింది కొవ్వునూ కలిపి వేళ్ళతో పట్టి క్యాలిపర్‌తో కొలిచే పించ్ టెస్ట్‌లో కుడివైపు 2.1, ఎడమవైపు 2.0 సెం.మీ. వచ్చాయి. కింది మడత దగ్గర 0.7 సెం.మీ. మాత్రమే.

ఈ అంకెలు చదివిన తోటి సర్జన్‌కు చిక్కు అప్పుడే అర్థమైపోతుంది. వదులు చర్మం, పలచని కవచం (ఇంప్లాంట్‌ను కప్పే చర్మం, కొవ్వుల మందం) రెండూ ఒకే శరీరంలో ఉన్నాయి. సంచి పెద్దది, సంచి గోడ సన్ననిది. ఇందులో ఏది పెట్టినా దాని తీరు బయటికి కనబడిపోతుంది.

ఆమె ఏం అడిగారు

మొదటి సంప్రదింపులో ఆమె చాలా స్పష్టంగా మాట్లాడారు. సైజు గురించి పట్టింపు లేదు. పిల్లలకు ముందు ఎలా ఉండేదో అలా ఉంటే చాలన్నారు. "కానీ డాక్టర్ గారూ, గట్టిగా మాత్రం ఉండకూడదు. చేత్తో తాకితే లోపల ఏదో పెట్టారని తెలియకూడదు" అని ఆ మాటే మూడుసార్లు అన్నారు. బల్ల మీద ఉంచిన మూడు నమూనా ఇంప్లాంట్లను అరచేతిలో పెట్టుకుని నొక్కి చూసి, వాటిలో అన్నిటికంటే మెత్తని దాన్ని విడిచిపెట్టకుండా చేతిలోనే ఉంచుకున్నారు. నేను అది చూసి నోట్స్‌లో "అతి మెత్తని జెల్ కోరుతున్నారు" అని రాసుకున్నాను.

ఎందుకు అని అడగలేదు. ఈ కేసులో నా మొదటి తప్పు అది.

మొదటి నిర్ణయం

సిలికాన్ జెల్ మెత్తదనం దాని అణువుల గొలుసుల మధ్య ఎన్ని అడ్డబంధాలు ఉన్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. బంధాలు తక్కువైతే జెల్ మెత్తగా ఉండి, శరీరం ఎటు వంగితే అటు సర్దుకుంటుంది. ఎక్కువైతే తన ఆకారాన్ని తానే నిలుపుకుంటుంది, ఆ మేరకు చేతికి గట్టిగా తగులుతుంది. సిలికాన్ ఇంప్లాంట్ల చరిత్ర చాలావరకు ఈ రెండు కోరికల మధ్య ఊగిసలాటే. 1962లో హ్యూస్టన్‌లో మొదటిసారి అమర్చిన తరం ఇంప్లాంట్లకు షెల్ (జెల్ చుట్టూ ఉండే సిలికాన్ తొడుగు) మందంగా, జెల్ చిక్కగా ఉండేవి. అవి సహజంగా లేవని 1970లలో రెండింటినీ పలచన చేశారు. చేతికి హాయిగా ఉన్నా, షెల్ గుండా సిలికాన్ చెమర్చడం, షెల్ చిరగడం ఎక్కువయ్యాయి. 1992లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సౌందర్య అవసరాలకు వీటి వాడకాన్ని ఆపి, 2006లో తిరిగి అనుమతించింది. ఇప్పుడు దొరికే జెల్‌లన్నీ కోహెసివ్ జెల్‌లే, అంటే కోసినా నీళ్ళలా కారవు. అయితే ఒక తయారీదారు మధ్యరకం అని పిలిచే జెల్ మరో తయారీదారు మెత్తని రకానికి సరితూగవచ్చు. అందరికీ వర్తించే ఒకే కొలమానం లేదు కాబట్టి, పేరును నమ్మకుండా చేత్తో పట్టి పోల్చి చూసుకోవలసిందే.

ఇంప్లాంట్‌ను ఏ పొరలో ఉంచాలన్నది రెండో ప్రశ్న. పైభాగంలో పించ్ 2 సెం.మీ. కన్నా తక్కువైతే ఛాతీ కండరం కింద పెట్టాలన్నది చాలామంది పాటించే నియమం. ఆమెది సరిగ్గా ఆ గీత మీద ఉంది. కండరం కింద పెడితే కవచం మందమవుతుంది. అయితే ఛాతీ వ్యాయామాలు చేసేవారిలో కండరం బిగిసినప్పుడల్లా ఇంప్లాంట్ పైకీ పక్కకూ కదులుతూ రొమ్ము వంకర తిరిగినట్టు కనబడుతుంది. ఆమె వ్యాయామం సంగతి గుర్తుంచుకుని, కండరానికి పైన, దాని మీది ఫేషియా అనే పలచని పొర కింద పాకెట్ (ఇంప్లాంట్ కూర్చునే ఖాళీ) చేద్దామనుకున్నాను. ఈ నిర్ణయాన్ని విడిగా చూస్తే ఇప్పటికీ తప్పు పట్టలేను. ఫేషియా ఇచ్చే అదనపు మందం మాత్రం మిల్లీమీటర్లలోనే ఉంటుంది. కాగితం మీద అది ఒక పొర, నిజానికి ఉల్లిపొర.

షెల్ ఉపరితలం గురించి పెద్ద చర్చ జరగలేదు. గరుకు ఉపరితలం ఉన్న ఇంప్లాంట్లతో ముడిపడిన అరుదైన లింఫోమా (ఒక రకం తెల్ల రక్తకణాల క్యాన్సర్) గురించి ఎఫ్‌డీఏ 2011లో మొదటిసారి హెచ్చరించింది. 2019లో ఒక రకం గరుకు ఇంప్లాంట్లు మార్కెట్ నుంచి వెనక్కు వెళ్ళాయి. అప్పటి నుంచి గట్టి కారణం లేకపోతే నేను నునుపు షెల్‌నే వాడుతున్నాను.

చివరికి ఎంచినది గుండ్రని, నునుపు షెల్ ఉన్న 325 సి.సి. ఇంప్లాంట్. బేస్ 12.3 సెం.మీ., మధ్యస్థ ప్రొఫైల్ (ముందుకు పొడుచుకొచ్చే ఎత్తు), దొరికినవాటిలో అతి మెత్తని జెల్. బేస్ వెడల్పు రొమ్ము వెడల్పును కొద్దిగా దాటుతోందని తెలిసినా, వదులు చర్మాన్ని నింపడానికి ఆ కాస్త అవసరమని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. మెత్తని జెల్, వెడల్పు బేస్, కండరానికి పైన పాకెట్. వీటిలో ఏ ఒక్కదానికైనా ఆమె శరీరం తట్టుకునేది. మూడింటినీ కలిపి ఒకే పలచని కవచం కింద పెట్టాను. ఒక్కో నిర్ణయానికి విడివిడిగా కారణం రాసుకున్నాను గాని, మూడూ కలిస్తే ఏమవుతుందన్న వాక్యం నా నోట్స్‌లో ఎక్కడా లేదు.

ఏమి జరిగింది

ఆరు వారాలకు అంతా బాగానే ఉంది. వాపు ఉన్నన్నాళ్ళూ కవచం మందంగా ఉంటుంది, ఇంప్లాంట్ పైభాగం నిండుగా ఉంటుంది. ఆ దశలో తీసిన ఫోటోను చూసి ఏ సర్జనూ సంతోషపడకూడదు. మూడో నెలలో ఆమె వచ్చి అద్దం ముందు నిలబడి చూపించారు. నిటారుగా నిలబడితే రెండు రొమ్ముల పైభాగంలో, లోపలి అంచు వైపు నిలువుగా రెండు మూడు ముడతలు. కాస్త ముందుకు వంగితే బయటి అంచున మరికొన్ని. పడుకుంటే అన్నీ మాయం. చేత్తో తాకితే రొమ్ము నిజంగా చాలా మెత్తగా ఉంది, ఇంప్లాంట్ చుట్టూ శరీరం అల్లే క్యాప్సూల్ పొర బిగుసుకున్న ఆనవాలు ఎక్కడా లేదు; ఆ బిగుతును కొలిచే బేకర్ వర్గీకరణలో మొదటి గ్రేడ్, అంటే సహజంగా మెత్తనిది.

"మీరు చెప్పినట్టే మెత్తగా ఉంది డాక్టర్ గారూ, అందులో వంక లేదు. కానీ నీళ్ళ సంచి వేలాడేసినట్టు కనబడుతోంది" అన్నారు. ఆ మాటలో ఫిర్యాదు లేదు, అయోమయమే ఉంది. కోరినది దొరికాక కూడా సమస్య ఎందుకు వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు.

ముడతలు రావడానికి రెండు దారులున్నాయి. షెల్ సామర్థ్యం కన్నా జెల్ తక్కువగా ఉంటే షెల్ తనంతట తానే మడత పడుతుంది. మెత్తని జెల్ బరువుకు కిందికి దిగి, పైభాగంలో షెల్‌నూ దాని మీది పలచని కవచాన్నీ లాగితే మరో రకం ముడత పడుతుంది. ఆమెలో రెండూ కలిశాయి. పడుకుంటే ముడతలు పోయి, నిలబడితే తిరిగి రావడం రెండోదాని గుర్తు. ఆ రోజే ఇది అర్థమై ఉంటే తరువాతి అడుగు వేరుగా వేసేవాణ్ణి.

ముందు ప్రయత్నించినవి, పనిచేయనివి

కొన్ని నెలలు ఆగుదామన్నాను. సపోర్ట్ బ్రా వాడమన్నాను, క్యాప్సూల్ కొంచెం చిక్కబడితే ముడతలు తగ్గవచ్చునని చెప్పాను. ఎనిమిదో నెలకు తగ్గలేదు. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

తరువాత కొవ్వు మార్పిడి చేశాం. తొడల నుంచి కొవ్వు తీసి, శుద్ధి చేసి, మొద్దు కొన ఉన్న సన్నని గొట్టంతో (కేన్యులా) ఒక్కో వైపు 80 సి.సి. చొప్పున పైభాగంలోనూ అంచుల వెంబడీ చర్మం కింద పలుచగా పరిచాను. ఇంప్లాంట్ ఇంత పైపైనే ఉన్నప్పుడు ఈ పని నిదానంగా చేయాలి. ఒక చేతి వేళ్ళు చర్మం మీద ఉంచి కేన్యులా కొనను ఎప్పటికప్పుడు పసిగట్టకపోతే షెల్‌ను గీకే ప్రమాదం ఉంది. మొదటి మూడు నెలలు ఫలితం చూసి ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. ఆరో నెలకు పైభాగపు ముడతల్లో సగం తిరిగొచ్చాయి.

ఈ మధ్యలో ఆమె నాలుగు కిలోల బరువు తగ్గారు. మార్పిడి చేసిన కొవ్వు కూడా శరీరపు కొవ్వే కాబట్టి బరువుతో పాటే తగ్గుతుంది. తప్పును బరువు మీదికి తోసేయడం నాకు సులభమే, వినడానికి శాస్త్రీయంగానూ ఉంటుంది. కానీ ముడతలు మొదట కనబడింది మూడో నెలలో. బరువు తగ్గింది ఏడాది తరువాత. అసలు కారణం లోపలే ఉంది. జెల్ కిందికి దిగి పైనున్నదాన్ని లాగుతోంది. పైన ఎంత దుప్పటి కప్పినా లాగే చెయ్యి ఆగలేదు. కొవ్వు ముడతను కప్పిందే గాని, ముడతను పుట్టించే బలాన్ని మార్చలేదు. ముందు ఇంప్లాంట్ మార్చి, ఆ తరువాత అవసరమైతే కొవ్వు వాడవలసింది పోయి, నేను తిరగేసి చేశాను. చిన్న ప్రక్రియతో గట్టెక్కాలన్న ఆశ ఆమెకు ఎంత ఉందో నాకూ అంతే ఉంది; రోగి ఆశ కన్నా సర్జన్ ఆశే ఎక్కువ తప్పుదారి పట్టిస్తుంది.

రెండో సంప్రదింపు

ఈసారి నమూనాలు ఆమె చేతికివ్వడానికి ముందు ప్రశ్నలు అడిగాను. మెత్తగా అంటే ఎవరి చేతికి, ఏ భంగిమలో? పడుకుంటే పక్కకు జారాలా, నిలబడితే వాలు ఎలా ఉండాలి, పరుగెత్తితే ఎంత కదలాలి? గట్టిగా ఉంటుందన్న భయం ఎక్కడిది?

చివరి ప్రశ్నకు జవాబుగా ఆమె కొద్దిసేపు ఆగి, తనకు బాగా దగ్గరివారికి చాలా ఏళ్ళ కిందట ఇంప్లాంట్లు పెట్టారనీ, ఒకవైపు రొమ్ము క్రమంగా రాయిలా అయి, పైకి జరిగి, చలికాలంలో నొప్పి పెట్టేదనీ చెప్పారు. అది జెల్ గట్టిదనం కాదు. ఇంప్లాంట్ చుట్టూ శరీరం అల్లే క్యాప్సూల్ బిగుసుకుపోయిన స్థితి. అతి మెత్తని జెల్ చుట్టూ కూడా అది రావచ్చు. ఆమె భయపడింది క్యాప్సూల్‌కు, తప్పించుకోవడానికి ఎంచుకున్నది మెత్తని జెల్. ఆ రెంటికీ సంబంధం లేదని చెప్పవలసిన మనిషిని నేనే, మొదటిసారి ఆ భయం సంగతే అడగలేదు.

తరువాత చేసిన ప్రయోగాన్ని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నిర్ణయం మారింది అక్కడే. రెండు నమూనాలు తీసుకున్నాను. ఒకటి ఆమెలో ఉన్న రకం, మరొకటి మధ్యరకం జెల్‌తో, షెల్‌ను దాదాపు పూర్తిగా నింపినది. రెంటినీ బల్ల మీద పడుకోబెడితే పెద్ద తేడా తెలియదు. ఒక్కొక్కదాన్ని పై అంచున రెండు వేళ్ళతో పట్టి నిలువుగా ఎత్తాను. మొదటిదానిలో జెల్ మెల్లగా కిందికి దిగింది, నా వేళ్ళ కింద షెల్ ఖాళీ అయి, నిలువునా మూడు మడతలు పడ్డాయి. ఆమె అద్దంలో చూస్తున్న మడతలే అవి. రెండోది కాస్త కిందికి వాలింది గాని పైభాగం చదును కాలేదు. ఆమె ఏమీ అనకుండా రెంటినీ తన చేతుల్లోకి తీసుకుని, అదే పని మళ్ళీ చేసి చూశారు.

అప్పుడు ఒక మెత్తని గుడ్డను మడిచి సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల మందం చేసి రెండు నమూనాల మీదా కప్పి, కళ్ళు మూసుకుని నొక్కమన్నాను. వట్టి చేతికి తెలిసిన తేడాలో సగం కూడా గుడ్డ మీది నుంచి ఆమెకు తెలియలేదు. చేతికి తగిలేది జెల్ ఒక్కటే కాదు. చర్మం, కొవ్వు, కండరం, క్యాప్సూల్, షెల్ అన్నీ కలిసిన మొత్తం. కవచం మందమయ్యే కొద్దీ అందులో జెల్ వాటా తగ్గుతుంది. అరచేతిలో పెట్టుకుని ఎంచుకునే ఇంప్లాంట్‌ను ఎవరూ అరచేతిలో మోయరు.

"చేతికి కొంచెం తెలిసినా పర్వాలేదండీ. నిలబడి చీర కట్టుకున్నా, టీషర్ట్ వేసుకున్నా అది నా ఒళ్ళులా కనబడాలి" అన్నారు. ఆ వాక్యాన్ని నోట్స్‌లో ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

ఎంపికలు, వాటిలో వద్దనుకున్నవి

అదే మెత్తని జెల్‌తో ఇంకా పెద్ద ఇంప్లాంట్ పెట్టి చర్మాన్ని నింపేయడం ఒక దారి. కొన్ని నెలలు ముడతలు కనబడవు. తరువాత బరువు ఆ పలచని కవచాన్ని ఇంకా సాగదీసి, ఇంప్లాంట్ కింది మడతను దాటి దిగుతుంది. కొలతల ప్రకారం ఆమెకు కావలసింది తక్కువ బరువు, ఎక్కువ కాదు.

కన్నీటి బొట్టు ఆకారంలో, గట్టి జెల్‌తో, ఆకారాన్ని పూర్తిగా నిలుపుకునే ఇంప్లాంట్ గురించి ఆమె స్వయంగా చదివి వచ్చారు. పైభాగం ముడతలు పడదు, వాలు బాగుంటుంది, ఆ మాట నిజమే. కానీ అలాంటి ఇంప్లాంట్ పాకెట్‌లో తిరిగితే రొమ్ము ఆకారమే వక్రిస్తుంది. గుండ్రనిది తిరిగినా ఎవరికీ తెలియదు. తిరగకుండా ఉండాలంటే పాకెట్ బిగుతుగా, కొత్తగా ఉండాలి, షెల్ సాధారణంగా గరుకుగా ఉండాలి. ఆమె పాకెట్ వదులుది, పాతది. గరుకు షెల్ నాకు వద్దు. పైగా కింది మడత దగ్గర 0.7 సెం.మీ. కవచం కింద ఆ గట్టి అంచు వేలికి స్పష్టంగా తగులుతుంది. ఆమె మొదటి నుంచీ భయపడిన స్పర్శ సరిగ్గా అదే.

కవచాన్ని మందం చేయడానికి కణాలు తొలగించిన చర్మపు పొరను లోపల కుట్టవచ్చు. ఖర్చు, ఇన్ఫెక్షన్ ప్రమాదం రెండూ పెరుగుతాయి గనుక, కండరం అందుబాటులో ఉన్నప్పుడు దాన్ని చివరికి దాచుకోవడం మంచిదనుకున్నాను. ఇంప్లాంట్లు పూర్తిగా తీసేసి, రొమ్మును పైకెత్తి కుట్టి, కొవ్వుతో సరిపెట్టుకునే దారి కూడా ఆమె ముందు పెట్టాను. ఇది మాటవరసకు చెప్పే ఎంపిక కాదు. కొందరికి అదే సరైనది. ఆమె వారం రోజులు ఆలోచించి, మచ్చలు ఎక్కువవుతాయని వద్దన్నారు.

మిగిలింది గుండ్రని, నునుపు ఇంప్లాంట్‌నే కండరం కిందికి మార్చడం, జెల్‌ను ఒక మెట్టు గట్టి చేయడం, షెల్ బాగా నిండిన రకాన్ని ఎంచడం. గుండ్రనివాటిలో అతి గట్టి జెల్‌నూ చేతిలోకి తీసుకుని పక్కన పెట్టేశాను. కండరం కప్పేది పై సగాన్నే. కింది బయటి అంచు చర్మం కిందే ఉండిపోతుంది. అక్కడ జెల్ ఎంత గట్టిదైతే అంచు అంతగా వేలికి తగులుతుంది. పైభాగానికి కావలసిన గట్టిదనం, కింది భాగం ఓర్చుకోగల గట్టిదనం, ఈ రెండూ కలిసే చోటు మధ్యరకం జెల్. ఇందులో సూత్రమేమీ లేదు, ఆమె రెండు పించ్ కొలతల మధ్య కుదిరిన రాజీ ఇది.

కండరం కింద పెడితే వ్యాయామంలో కదలిక కనబడుతుందని మళ్ళీ చెప్పాను. చేతులతో ఛాతీ కండరాన్ని బిగించినప్పుడు ఎలా ఉండవచ్చో ఫోటోలు చూపించాను. నిలబడ్డప్పుడు ముడతలు లేకపోతే, పుషప్‌లో కదలిక ఫర్వాలేదన్నారు. మొదటిసారి ఆ కదలిక వద్దని ఆమె తరఫున నేనే నిర్ణయించేశాను. అడిగి ఉంటే జవాబు అప్పుడే వచ్చేది.

మూడో శస్త్రచికిత్స

పాత కోత నుంచే లోపలికి వెళ్ళాం. తీసిన ఇంప్లాంట్లు చెక్కుచెదరలేదు. అయితే రెంటి మీదా పైభాగంలో, పదేపదే మడత పడ్డ చోట సన్నని తెల్లటి గీత కనబడింది. దీపం కింద తిప్పితే గీత వెంబడి షెల్ మెరుపు తగ్గి ఉంది. ఒకే చోట మడత పడుతూ ఉంటే షెల్ అక్కడే అరిగి, చివరికి అక్కడే చిరుగుతుంది. ముడతలు కేవలం అందానికి సంబంధించిన చిక్కు కాదని ఆ గీత నాకు చూపించింది.

కండరం కింద కొత్త పాకెట్ చేసి, కండరపు కింది అంచును డ్యుయల్ ప్లేన్ పద్ధతిలో (ఇంప్లాంట్ పై భాగం కండరం కింద, కింది భాగం గ్రంథి కింద ఉండేలా) వదులు చేశాను. పాత పాకెట్‌ను అలాగే వదిలేస్తే ఇంప్లాంట్ మళ్ళీ అందులోకి జారగలదు కాబట్టి, దాని ముందు గోడనూ వెనుక గోడనూ కలిపి కుట్టి మూసేశాను. కింది మడతను లోపలి పొరలకు కుట్టి గట్టి చేశాను. సైజర్లు (కొలత చూసే తాత్కాలిక ఇంప్లాంట్లు) పెట్టి, బల్లను పైకి లేపి రోగిని దాదాపు కూర్చోబెట్టి చూశాను. సైజర్ వెడల్పు, పరిమాణం చెప్పగలదు. అసలు ఇంప్లాంట్ జెల్ ఎలా వాలుతుందో చెప్పలేదు. అందువల్ల జెల్ నిర్ణయాన్ని ఆపరేషన్ గదికి వాయిదా వేయకూడదు, అది ముందే అయిపోయి ఉండాలి. 290 సి.సి., బేస్ 11.6 సెం.మీ. ఉన్న ఇంప్లాంట్లు సరిపోయాయి. బేస్ ఈసారి రొమ్ము వెడల్పు లోపలే ఉంది, బరువు మునుపటి కన్నా తక్కువ. పాకెట్ కడిగి, గ్లవ్స్ మార్చుకుని, ఇంప్లాంట్ చర్మానికి తగలకుండా ఫనెల్‌తో లోపలికి పంపాను.

తరువాత

మూడో వారంలో ఆమె భయపడుతూ ఫోన్ చేశారు. రొమ్ములు పైకి ఉన్నాయి, గట్టిగా ఉన్నాయి, "మళ్ళీ అదే రాయి వస్తోందా డాక్టర్ గారూ" అన్నారు. కండరం కింద పెట్టినప్పుడు మొదటి వారాల్లో ఇది సహజం. కండరం సడలి, వాపు తగ్గి, ఇంప్లాంట్ దిగి కుదురుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఈ మాట శస్త్రచికిత్సకు ముందే రాసి ఇచ్చాను, ఆమె చదివారు కూడా. అయినా భయానికి కాగితం సరిపోదు. మరునాడు రమ్మని పరీక్షించి, చేత్తో మెల్లగా నొక్కి కదిలించి చూపించాక శాంతించారు.

ఆరో నెలకు నిటారుగా నిలబడితే ముడతలు లేవు. పైభాగం వాలు మెల్లగా దిగుతోంది, ఉబ్బెత్తుగా లేదు. నడుము నుంచి పూర్తిగా ముందుకు వంగితే ఎడమవైపు కింది బయటి అంచున ఒక సన్నని ముడత ఇంకా కనబడుతుంది. అక్కడ కండరం లేదు, కవచం పలచన. చేతికి మునుపటి కన్నా కొంచెం గట్టిగా ఉందని ఆమే చెప్పారు, అది నిజం. పుషప్‌లో ఇంప్లాంట్లు కొద్దిగా బయటికి కదులుతాయి. పద్దెనిమిదో నెలలోనూ పరిస్థితి అదే; క్యాప్సూల్ రెండువైపులా మెత్తగానే ఉంది.

ఈ కేసు తరువాత నా సంప్రదింపు పత్రంలో ఒక మార్పు చేసుకున్నాను. "మెత్తదనం" అన్న ఒక్క గడి తీసేసి మూడు గడులు పెట్టాను: చేతికి తెలిసేది, శరీరంతో పాటు కదిలేది, కంటికి కనబడే వాలు. రోగి మూడింటినీ ప్రాధాన్యం ప్రకారం వరసలో పెట్టాలి, కారణం కూడా చెప్పాలి. చాలామంది మొదట చేతికి తెలిసేదాన్నే పైన రాస్తారు. నమూనాను నిలువుగా ఎత్తి పట్టి చూశాక వరస మార్చేవారు తక్కువేమీ కాదు. మార్చనివారూ ఉన్నారు, కవచం మందంగా ఉన్నవారికి అతి మెత్తని జెల్ ఇప్పటికీ ఏ వెనుకాటూ లేకుండా వాడుతున్నాను. నమూనాలను ఒట్టి చేతికి ఇవ్వడం మానేశాను. గుడ్డ మందాన్ని ఎవరి పించ్ కొలతకు తగ్గట్టు వాళ్ళకు మడుస్తున్నాను. మొదటిరోజే మూడు ప్రశ్నలు కలిపి చూసుకుంటున్నాను: జెల్, బేస్, పొర. ఒకదానిలో సాహసం చేస్తే మిగతా రెండింటిలో జాగ్రత్త పడాలన్నది నా సొంత లెక్క.

మిగిలిపోయిన ఆ ఒక్క ముడతకు మరికొంత కొవ్వు వేయవచ్చునని చివరి సందర్శనలో చెప్పాను. ఈసారి లోపలి కారణం సరిచేశాం గనుక అది నిలుస్తుందని కూడా చెప్పాను. ఆమె నవ్వి, వంగి చూస్తే తప్ప కనబడని దాని కోసం మళ్ళీ బల్ల ఎక్కనన్నారు. నోట్స్‌లో అదే రాసి, షెల్ పరిస్థితి చూడడానికి ఐదారేళ్ళకు అల్ట్రాసౌండ్ లేదా ఎంఆర్‌ఐ, ఆ తరువాత రెండు మూడేళ్ళకోసారి అని ఎఫ్‌డీఏ 2020లో సూచించిన గడువులను ఆమె కార్డు మీద వేసి ఇచ్చాను.